రాక్స్‌బర్గ్‌కి మొక్కల బొమ్మలు గీసిన మనవాళ్ల గురించి ఎవరికైనా తెలుసా?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, కాలువ గట్ల మీది మొక్కల్ని నీటి రంగులతో గీస్తుంటాను. 1780ల్లో సామర్లకోటలో ఉన్న స్కాట్లాండ్ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మన దేశపు చిత్రకారుల చేతే మొక్కల బొమ్మలు వేయించాడు, వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి విడతలుగా లండన్‌లో అచ్చయ్యాయి, చాలా మొక్కలకి తెలుగు పేర్లు కూడా రాసి పెట్టాడాయన. కానీ గీసిన చేతుల పేర్లు నాకు ఎక్కడా కనబడలేదు, నిజంగా బాధేస్తోంది.

వాళ్లు ఈ చుట్టుపక్కల వాళ్లేనా, కలంకారీ అద్దకం పని తెలిసినవాళ్లా? ఎవరైనా చదివి ఉంటే చెప్పండి. ఇంకొకటి, కోల్‌కతా దగ్గర హౌరా బొటానికల్ గార్డెన్‌లో ఉన్న అసలు బొమ్మల్ని నాలాంటి మామూలు మనిషికి చూపిస్తారా, అర్జీ ఎవరికి పెట్టుకోవాలి? ఆకు వెనకవైపు ఆ లేత పచ్చ ఎలా తెచ్చారో దగ్గర నుంచి చూడాలని ఉందండి.