టాటా మెమోరియల్‌లో క్లినికల్ ట్రయల్‌కు ఒప్పుకోవచ్చా?

ప్రశ్న (అనకాపల్లి నుంచి):
మా నాన్నగారికి నాలుక క్యాన్సర్ ఆపరేషన్ తరువాత మెడ గ్రంథుల్లో మళ్లీ వచ్చింది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో చూపిస్తున్నాం. ఒక క్లినికల్ ట్రయల్‌లో చేరే వీలుందని చెప్పి, చదువుకోమని సమ్మతి పత్రం ఇచ్చారు. మనిషిని ప్రయోగానికి అప్పగిస్తారా అని మా చిన్నాన్నగారు కోప్పడుతున్నారు. కాదంటే వైద్యంలో శ్రద్ధ తగ్గుతుందేమోనని నా భయం. పైగా రోజూ మొదట చూసేది పీజీ డాక్టర్లే. దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (క్యాన్సర్ వైద్యురాలిని):
ముందుగా ఒక మాట: ఆ సంతకం మీది కాదు, చిన్నాన్నగారిదీ కాదు, మీ నాన్నగారిది. ఆయనకు అర్థమయ్యే భాషలో వివరించడం ఆసుపత్రి బాధ్యత. చేరకపోయినా, చేరి మధ్యలో మానుకున్నా మామూలు వైద్యం ఆగకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యమూ, నష్టపరిహారమూ ఇవ్వాలని 2019 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నాయి.

1941లో మొదలైన ఈ ఆసుపత్రి ఇప్పుడు హోమీ భాభా జాతీయ సంస్థ అనే డీమ్డ్ విశ్వవిద్యాలయంలో భాగం కాబట్టి, అక్కడ వైద్యం, చదువు, పరిశోధన ఒకే గదిలో జరుగుతాయి. పీజీలు రాసుకున్న వివరాలను సీనియర్లు చూస్తారు. చికిత్సను సర్జన్, రేడియేషన్, కీమో వైద్యులు కలిసి కూర్చుని నిర్ణయిస్తారు. తల, మెడ క్యాన్సర్ ముదిరినవారిపై అక్కడే జరిగి 2022లో వెలువడిన పరిశోధనను నేను తరచు చెబుతుంటాను. క్యాన్సర్‌పై పోరాడేలా శరీర రోగనిరోధక శక్తికి తోడ్పడే మందు నివోలుమాబ్. సాధారణంగా రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు ఇచ్చే దీన్ని మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే, నోటి మాత్రలతో కలిపి ఇచ్చారు. ఏడాది తరువాత జీవించి ఉన్నవారు మాత్రలు మాత్రమే వాడినవారిలో 16.3 శాతం కాగా, నివోలుమాబ్ కూడా తీసుకున్నవారిలో 43.4 శాతం. ఖరీదైన మందు పేదవారికి అందే దారిని మన రోగులే ఒప్పుకుని చూపించారు. అయితే అందులోనూ సగం మందికి కొత్త మందు అందలేదు. ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్టే తేలుతుంది. మీ ట్రయల్‌లోనూ అలాగేనా అని తప్పక అడగండి.

జవాబు 2 (రోగి బంధువును):
మా అక్క వేరే ఊళ్లో ఒక ట్రయల్‌లో చేరినప్పుడు మందు కన్నా ప్రయాణాలే మమ్మల్ని అలసగొట్టాయి. ఎన్నిసార్లు రావాలి, ఏ పరీక్షలకు డబ్బు కట్టాలి అన్నవి ముందే రాయించుకోండి. విశాఖ దగ్గర అగనంపూడిలోనూ టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మధ్యలో రక్తపరీక్షలు అక్కడ చేయించుకోవచ్చేమో అడగండి. ట్రయల్ నమోదు సంఖ్య ఇస్తే మన దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్ఐ వెబ్‌సైటులో వివరాలు ఎవరైనా చూడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు అడిగాను. మాదీ చీటీ పద్ధతేనట; కొత్త మందు రాకపోయినా ఇప్పుడు సూచించిన కీమో ఇస్తారట. అగనంపూడి సంగతి రేపు చెబుతామన్నారు. సమ్మతి పత్రం తెలుగు ప్రతి కూడా దొరికింది. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని రెండోసారి చదువుతున్నారు. తనకు తోచిన అనుమానాలు పక్కన పెన్నుతో రాసుకుంటున్నారు.