ఖాళీ బస్సులకి మన పన్ను డబ్బులు ఏంటికి పెట్టాల? (కర్నూలు)

చెక్‌పోస్ట్ కొట్టు:

అందరికీ నమస్తే అన్నా. నాది నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర చిన్న హార్డ్‌వేర్ కొట్టు, పొద్దున 7కి షట్టర్ ఎత్తితే రాత్రి 9 దాకా రోడ్డుకి ఎదురుగా కూర్చునే బతుకు, ఏ బస్సు ఎప్పుడు పోతాదో గడియారం చూడకుండా చెప్తా. ఓర్వకల్లు దిక్కు పోయే పల్లెవెలుగు ఒకటి రోజూ ఎనిమిది లోపలే పోతాది, తలెత్తి చూస్తే ఎనిమిది మంది, తొమ్మిది మంది, ఒక్కోనాడు ముగ్గురు. మధ్యాహ్నం రెండు గంటల బస్సు సంగతి అడగనే వద్దు, కండక్టర్ వెనక సీట్లో కాళ్ళు చాపుకుని పోతాంటాడు (ఆయన్ని తప్పు పట్టడంల్యా, మన ఎండ అట్లాంటిది). దాని ముందర షేర్ ఆటో, అందులో పది మంది, డ్రైవర్‌కి ఆ పక్కొకరు ఈ పక్కొకరు.

నేను జీఎస్టీ కడతా, ప్రొఫెషన్ టాక్స్ కడతా, బండికి పెట్రోల్ పోయించుకున్న ప్రతిసారీ వ్యాట్ కడతా. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ వాళ్ళని గవర్నమెంట్‌లో కలిపేసినారు, యాభై వేల మంది పైన, జీతాలు ఖజానాలోంచే. ఆపైన 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి అని ఆడవాళ్ళకి ఫ్రీ, దానికి ఏడాదికి 2 వేల కోట్ల దగ్గర అవుతాదని వాళ్ళే చెప్పినారు. ఇప్పుడు కరెంటు బస్సులు కూడా వస్తాయంట.

నా డౌటు ఒకటే. 55 సీట్ల బస్సు వేసి తొమ్మిది మందిని మోసే బదులు ఆ తొమ్మిది మందికీ ఆటో చార్జీ చేతిలో పెడితే చవక కదా? ఏ పార్టీ పెట్టింది ఏ పార్టీ తీసింది అని కొట్టుకోవద్దు సామీ, లెక్క తెలిసినోళ్ళు చెప్పండి.


బళ్ళారి చౌరస్తా:

ఫ్రీ బస్సు వచ్చినాక కూడా ఖాళీ బస్సు కనపడిందంటే నీకు దండం పెట్టాల అన్నా. నేను కోడుమూరు నుంచి రోజూ వస్తా, నిలబడే చోటు దొరికితే ఆ రోజు పండగే. టికెట్ కొనుక్కుని నిలబడేది నేను, జీరో టికెట్ తీసుకుని కూర్చునేది మా ఇంటామె, ఇద్దరం ఒకే బస్సు 😄 నీ రూట్ ఏందో గాని మా రూట్లో ఇంకో రెండు బస్సులు వేసినా నిండుతాయి, ఆ నీ ఖాళీదాన్ని ఇట్ల తోలమని చెప్పు.


పాత టికెట్ మిషన్:

నేను కండక్టర్‌గా రిటైర్ అయినాను, ముప్పై ఏండ్ల పైన సర్వీసు, పల్లెవెలుగుల్లోనే ఎక్కువ. తమ్ముడూ నువ్వు అడిగింది మంచి ప్రశ్నే గానీ నువ్వు కూర్చున్న చోటు నుంచి బస్సులో సగమే కనపడతాది.

పొద్దున ఎనిమిది లోపల ఊరు వదిలి పల్లెలకి పోయే బస్సులో ఎవరుంటారు చెప్పు? డ్యూటీకి పోయే టీచరమ్మలు ఇద్దరు ముగ్గురు, సచివాలయం వాళ్ళు, రాత్రి బంధువుల ఇంట్లో ఉండి తిరుగు పోయేవాళ్ళు, అంతే. ఆ బస్సు పోయేది వాళ్ళ కోసం కాదు, అవతలి నుంచి మనుషుల్ని తేవడానికి. అదే బస్సు తొమ్మిది లోపల తిరిగి వస్తాది, అప్పుడు చూడు, కాలేజీ పిల్లోళ్ళు, పెద్దాసుపత్రికి పోయే ముసలోళ్ళు, కూరగాయల గంపలు, ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టే చోటు ఉండదు. పోయేటప్పుడు 9 మంది, వచ్చేటప్పుడు 65 మంది అనుకో, రెండూ కలిపి సగం చేస్తే 37, 55 సీట్లకి 67 శాతం. మేము దాన్నే ఓఆర్ అంటాం. 67 ఓఆర్ వచ్చిన బస్సుని ఏ డీఎం (డిపో మేనేజర్) కూడా దండగ బస్సు అనడు. సాయంత్రం దీనికి తిరగేసి, పల్లెలకి పోయేది నిండుగా పోతాది, ఊర్లోకి వచ్చేది ఖాళీగా వస్తాది. కానీ సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా నీ కొట్లో గిరాకీ టైము, అప్పుడు నువ్వు నట్లు బోల్టులు తూకం వేస్తాంటావు గాని రోడ్డు దిక్కు చూడవు.

పొద్దున ఖాళీగా పోయే బాధ లేకుండా నైట్ హాల్ట్ అని ఒకటుంది. రాత్రి ఆఖరి ట్రిప్పు పల్లెలోనే ఆగుతాది, డ్రైవరు కండక్టరు అక్కడే పడుకుంటారు, తెల్లవారి అక్కడి నుంచే నిండుగా బయల్దేరతాది. నేను ఎన్ని ఊర్లలో రచ్చబండ మీద, బస్సు పైన, బడి వరండాలో పడుకున్నానో లెక్కలేదు, దోమలు ఒక పక్క, తెల్లార్లూ కుక్కలు ఒక పక్క, అదంతా చెప్తే ఇంకో కథ అవుతాది. అన్ని రూట్లకీ నైట్ హాల్ట్ కుదరదు, బస్సు డిపోకి వచ్చి డీజిల్ పట్టుకోవాల, చెకింగ్ చేయించుకోవాల, క్రూ మారాల.

ఆటో చార్జీ చేతిలో పెట్టే లెక్క కూడా చూద్దాం. మామూలు ఆటోకి పర్మిట్ డ్రైవర్ కాక ముగ్గురికే. ఆ 65 మందిని రూల్ ప్రకారం తేవాలంటే 22 ఆటోలు కావాల. నువ్వు చూసే పది మంది ఆటో చవకగా కనపడేది ఎందుకంటే అది రూలు తప్పి నడుస్తాంది కాబట్టి, రేపు ఏమన్నా అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేదే లోపల ఎంత మంది ఉండారని. 30 కిలోమీటర్లు పోయి 30 వచ్చే బస్సుకి డీజిల్ 12 లీటర్ల దాకా పడతాది, లీటరుకి అయిదు కిలోమీటర్ల చిల్లర ఇస్తాది మన పల్లెవెలుగు. అంటే పదకొండు పన్నెండు వందల డీజిలు. ఆ డీజిల్లో రాష్ట్రం వ్యాట్ 22.25 శాతం, పైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకోవడం, దాన్ని మాత్రం ఎవరూ లెక్కలో చెప్పరు.

రెండు గంటల ట్రిప్పు మాత్రం నిజంగానే దండగ. దాన్ని నేను కూడా కాపాడను. కాకపోతే దాన్ని ఆపితే మిగిలేది డీజిలు ఒక్కటే, జీతాలు ఎట్లైనా పడతాయి, బస్సు డిపోలో నిలబడి ఉంటాది.


ఆటో నెంబర్ ప్లేట్:

పెద్దాయన అంతా బాగా చెప్పినాడు గానీ ఆటోవోళ్ళ మీద రూలు తప్పినారని ఒక మాట వేసినాడు. సరే, తప్పినాం. ముగ్గుర్ని ఎక్కించుకుని ఓర్వకల్లు పోతే గ్యాస్ డబ్బులు కూడా రావు సార్.

నేను ఉన్నది ఉన్నట్టు చెప్తా, బస్సు ఎందుకు ఖాళీగా పోతాదో. మాకు బస్సు టైములు మీకంటే బాగా తెలుసు. బస్సుకి అయిదు నిమిషాల ముందు స్టేజీలో నిలబడతాం, ఉన్నోళ్ళని ఎక్కించుకుని పోతాం, వెనకాల బస్సు వచ్చేసరికి ఎవరూ ఉండరు. బస్సు స్టేజీలోనే ఆపుతాది, మేము సందు మొదట్లో దింపుతాం, గ్యాస్ సిలిండర్ ఉన్నా ఎక్కించుకుంటాం. ఫ్రీ అయినాక ఆడవాళ్ళు బస్సు కోసం అరగంటైనా నిలబడతాండారు, మాకు మిగిలింది మగోళ్ళు, తొందరున్నోళ్ళు, రాత్రి పూట వచ్చేటోళ్ళు.

2025 అక్టోబర్‌లో ఆటో డ్రైవర్ల సేవలో అని 15 వేలు వేసినారు. నెలకి 1,250. బండి కంతు నెలకి ఎంత కడతామో మీరే ఊహించుకోండి. కొట్టు అన్నకి చెప్పేది ఏందంటే నీ పన్ను డబ్బులు బస్సుకే కాదు నాకు కూడా వచ్చినాయి, థాంక్స్.


గట్టు మీద ఇల్లు:

నేను జగన్నాథ గట్టు దగ్గర గవర్నమెంట్ కట్టిచ్చిన టిడ్కో ఇంట్లో ఉంటా. ఊర్లో ఒక బట్టల షాపులో పని, రాత్రి 8:30కి వదుల్తారు. చెక్‌పోస్ట్ అన్న చెప్పే ఖాళీ బస్సుల్లో ఎక్కేది నాలాంటి వాళ్ళమే, రాత్రి బస్సులో ఆరేడు మంది ఉంటాం, అందరం ఒకరికొకరం తెలుసు, ఒకామె రాకపోతే ఏమైందని ఫోన్ చేసుకుంటాం.

ఇల్లు వచ్చింది సంతోషమే, బాడుగ బాధ తప్పింది. కానీ ముందు మేము పాత ఊర్లో గడియారం ఆసుపత్రి దిక్కు ఉండేటోళ్ళం, పనికి నడిచి పోయేదాన్ని. స్థలం దొరికిన చోట ఇండ్లు కట్టినారు, స్థలం దొరికేది ఊరి బయటే. అప్పుడు ఇంటి ఖర్చులో బస్సు ఖర్చు కూడా కలుపుకోవాల కదా అన్నా, ఇల్లు ఇచ్చి బస్సు తీసేస్తే ఆ ఇంట్లో ఎవరుంటారు? తాళం వేసి మళ్ళీ ఊర్లోనే బాడుగకి పోతారు, మా బ్లాకులో అట్ల పోయినోళ్ళు ఉండారు.

రాత్రి ఆటో అయితే ఒక్కదాన్నే ఉంటే 150 అడుగుతారు. నా జీతానికి నెలకి ఎన్ని 150లు పెట్టగలను. ఫ్రీ కాకముందు టికెట్ కొనే పోయేదాన్ని, రేపు ఫ్రీ తీసేసినా కొనే పోతా, నాకు ఫ్రీ కంటే ఆ బస్సు టయానికి ఉండడమే ముఖ్యం. చార్జీ లేకుండా చేసి ట్రిప్పులు తగ్గిస్తే ఏం లాభం.


కిలోమీటర్ లెక్క:

ఇక్కడ అందరూ డీజిల్ బస్సు దగ్గరే ఆగిపోయినారు, అసలు అడగాల్సింది రాబోయే కరెంటు బస్సుల గురించి. పీఎం ఈ బస్ సేవ అని కేంద్రం 2023 ఆగస్టులో పెట్టింది, దేశం మొత్తానికి 10 వేల బస్సులు, మన రాష్ట్రానికి 750, ఆ లిస్టులో కర్నూలు కడప అనంతపురం మూడూ ఉండాయి.

ఇందులో బస్సు కొనేది కాంట్రాక్టర్, డ్రైవర్ కూడా వాళ్ళ మనిషే, కిలోమీటర్‌కి ఇంత అని వాళ్ళకి కట్టాల. బస్సులో ఒక్కరున్నా యాభై మంది ఉన్నా అదే రేటు. కేంద్రం ఇచ్చేది 12 మీటర్ల బస్సుకి కిలోమీటర్‌కి 24 రూపాయలు, 9 మీటర్ల దానికి 22, చిన్నదానికి 20, అదీ పదేండ్ల దాకా. మిగతాది టికెట్ల మీద రావాల, రాకపోతే రాష్ట్రమే పెట్టుకోవాల. కట్టకుండా ఆపేద్దాం అన్నా కుదరదు, రిజర్వ్ బ్యాంకులో రాష్ట్రం ఖాతా నుంచి నేరుగా కోసుకునే ఏర్పాటు కూడా చేసినారు, లేకపోతే కాంట్రాక్టర్లు టెండర్‌కే రారు.

పద్ధతి చెడ్డదని నేను అనడంల్యా. డబ్బులు ఎట్లైనా పోతాయి కాబట్టి ఆ కిలోమీటర్లు ఎక్కడ తిప్పుతారు అనేదే మొత్తం కథ అంటాండా. ఊరంతా పలచగా చల్లి గంటకొకటి తిప్పితే ఎవరూ ఎక్కరు, బస్సు ఎప్పుడొస్తాదో తెలియకుండా మన ఎండలో స్టేజీలో ఎవరు నిలబడతారు, స్టేజీకి నీడ కూడా ఉండదు. అదే రెండు మూడు రూట్లు పట్టుకుని, బస్టాండ్ నుంచి రాజ్‌విహార్ మీదుగా సీ క్యాంప్, చెక్‌పోస్ట్ దాకా, ఇంకోటి కల్లూరు దిక్కు, పది నిమిషాలకొకటి తిప్పితే టైము చూసుకునే పనే లేదు, జనం అలవాటు పడతారు. అప్పుడు ఆటో అన్న అయిదు నిమిషాల ముందు నిలబడే ట్రిక్కు కూడా పనిచేయదు (సారీ అన్నా).

ఖాళీ అని ట్రిప్పు తీసేయడం, తీసేసినాక ఉన్న నలుగురూ బండి కొనుక్కోవడం, అప్పుడు మిగతా ట్రిప్పులు కూడా ఖాళీ అవడం, ఈ తిరుగుడు నేను మా సొంతూరికి చూసినా. నా చిన్నప్పుడు ఆరు ట్రిప్పులు, ఇప్పుడు రెండు. ఊర్లో ఇంటికొక బైకు, ఆ బైకు కంతులు బస్సు చార్జీ కంటే ఎక్కువ.


చెక్‌పోస్ట్ కొట్టు:

పెద్దాయన మాట మీద ఈ పొద్దు కొట్టు తమ్ముడికి అప్పజెప్పి 8:15 నుంచి రోడ్డు అవతల నిలబడినా. ఊర్లోకి వచ్చే బస్సుల్లో తలకాయలు లెక్కపెట్టాలని చూసినా, రెండో బస్సుకే చేతులెత్తేసినా, కిటికీల్లోంచి బ్యాగులు బయటికి వచ్చి ఉండాయి. ఇన్నేండ్లు కొట్లో కూర్చుని నేను చూసింది పోయే పక్కే అని అప్పుడు తెలిసింది, నా కౌంటర్ అట్ల తిరిగి ఉండాది. గట్టు చెల్లెమ్మా, ఆటో చార్జీ చేతిలో పెట్టమన్న మాట వెనక్కి తీసుకుంటాండా.

కానీ రెండు గంటల బస్సు మీద మాత్రం నేను తగ్గను. పన్ను కట్టేది నేను, ఎక్కేది వాళ్ళు అన్నది కాదు నా బాధ, కాళ్ళు చాపుకుని పోయే ట్రిప్పుని ఎవరూ ఎందుకు ప్రశ్నించరు అనేది. మిషన్లో కొట్టిన ప్రతి టికెట్టూ, జీరో టికెట్టుతో సహా, డిపోకి తెలుస్తాది కదా. ట్రిప్పు వారీగా ఎంత మంది ఎక్కినారో నెలకొకసారి బస్టాండ్‌లో బోర్డు మీద రాస్తే ఏమి పోయింది? దాన్ని చూసి జనమే చెప్తారు ఏది ఆపాల ఏది పెంచాల అని.


పాత టికెట్ మిషన్:

బోర్డు మీద రాయమంటే రాయరు గాని, డయల్ యువర్ డీఎం అని డిపోల్లో ఒక రోజు పెడతారు, ఆ టైములో ఫోన్ చేస్తే డీఎంతోనే మాట్లాడొచ్చు. ఊరికే బస్సులు ఖాళీగా పోతాండాయి అనొద్దు, ఏ బస్సు, ఎన్ని గంటలకి, ఎన్ని రోజులు చూసినావు అని కాగితం మీద రాసుకుని చదువు. ఒక్కడివే కాకుండా నలుగురు చేస్తే ఇంకా మంచిది. మా డ్యూటీ చార్టులు రెండు మూడు సార్లు అట్లనే మారినాయి.


చెక్‌పోస్ట్ కొట్టు:

చేస్తా పెద్దాయనా. ఒక వారం రాసిపెట్టి చేస్తా. ఆపమని కాకుండా రెండు గంటలది నాలుగుకి మార్చమని అడిగితే ఎట్లుంటాది? కాలేజీలు నాలుగుకి వదుల్తారు కదా.


పాత టికెట్ మిషన్:

నాలుగుంబావు అని అడుగు. నాలుగు అంటే పిల్లోళ్ళు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేలోపల పోతాది, మళ్ళీ నువ్వే ఖాళీ అంటావు.


ఆటో నెంబర్ ప్లేట్:

టైము ఇక్కడ చెప్పినందుకు థాంక్స్ పెద్దాయనా. నేను 4:10కి అక్కడుంటా 😄