విద్యార్థుల క్రైమ్ థ్రిల్లర్‌కు ప్రేక్షకులను ఎలా నిర్ణయించాలి? (మారుపేర్లతో సాగిన ఆన్‌లైన్ చర్చ)

మూడో సీను:
చదువులో భాగంగా మా బృందం 12 నిమిషాల క్రైమ్ థ్రిల్లర్ తీస్తోంది. పరీక్ష పత్రాలు అమ్ముకునే ఒక విద్యార్థి హత్యకు గురవుతాడు. పోలీసులు దాన్ని ఆత్మహత్యగా తేల్చి ఫైలు మూసేస్తే, అతనికంటే పదిహేనేళ్లు పెద్దదైన అక్క నిజం వెతకడానికి బయలుదేరుతుంది. ప్రతిపాదనలో ‘టార్గెట్ ఆడియన్స్’ (చిత్రం ఎవరి కోసమో ఆ ప్రేక్షకులు) అన్నచోట ‘15 నుంచి 35 ఏళ్ల స్త్రీ పురుషులు, థ్రిల్లర్ అభిమానులు’ అని రాశాము. ఇందులో ఎవరూ కనబడడం లేదంటూ గైడ్ దాన్ని వెనక్కి పంపారు. అనుభవమున్నవారు దారి చూపగలరు.

గణాంకం:
పరిధిని తగ్గించి 16–24 అని రాయండి. చనిపోయినవాడు విద్యార్థి, కథకు మూలమైన నేరం విద్యార్థుల లోకంలోది, తీస్తున్నదీ విద్యార్థులే. హాలీవుడ్ స్టూడియోలు ప్రేక్షకులను 25 ఏళ్ల దగ్గర గీత గీసి, మళ్లీ స్త్రీ పురుషులుగా విడదీసి నాలుగు గళ్లుగా చూస్తాయి. భారీ చిత్రం నాలుగు గళ్లకూ ఆశపడవచ్చు గాని, 12 నిమిషాల చిత్రానికి ఒక్క గడి దక్కినా గొప్పే. ఆ వయసువారికి ఒక ప్రశ్నావళి పంపి, వచ్చిన జవాబులను ప్రతిపాదనకు జతచేయండి. అంకెలు కనిపిస్తే గైడ్ అభ్యంతరం చెప్పరు.

కత్తెర:
అభ్యంతరం రాకపోవడం వేరు, ప్రేక్షకులు దొరకడం వేరు. ‘మీకు థ్రిల్లర్లు ఇష్టమా?’ అని స్నేహితులను అడిగితే కాదనేవారెవరు? వయసును కాసేపు పక్కనబెట్టి, హంతకుడెవరో ప్రేక్షకుడికి ఏ నిమిషంలో తెలియాలో తేల్చుకోండి. చిక్కుముడి విప్పడంలో ఆనందం వెతికేవారికి చివరిదాకా దాచాలి. అక్క వేదన వెంట నడిచేవారికి మాత్రం ముందే తెలిసిపోయినా, ఆమె అతన్ని ఎలా పట్టుకుంటుందన్న ఉత్కంఠ చాలు. ఈ రెండు రకాలవారూ 18 ఏళ్లవారిలోనూ ఉన్నారు, 50 ఏళ్లవారిలోనూ ఉన్నారు.

ఉదాహరణకు, తమ్ముడి బట్టలు మడతపెడుతున్న అక్కకు చొక్కా జేబులో ఒక రసీదు దొరికిందనుకుందాం. మొదటి రకం ప్రేక్షకులకు రసీదు మీది తేదీ చదవగలిగేంత క్లోజప్ కావాలి. రెండో రకం వారికి ఆ తేదీ కనిపించకపోయినా ఫరవాలేదు. మడత సగంలో ఆగిపోయిన ఆమె చేతుల మీద కెమెరా ఇంకో రెండు సెకన్లు నిలవాలి. ప్రేక్షకులను నిర్ణయించడమంటే నా దృష్టిలో ఈ రెండు సెకన్లను నిర్ణయించడమే.

చీకటి గది:
సెన్సారు ఏ సర్టిఫికెట్ ఇస్తే అదే వయసు. ఇంత చర్చ దేనికి?

గణాంకం:
చీకటి గది గారు చెప్పినదాంట్లో పస ఉంది. హత్య ఉన్న కథ కాబట్టి బ్రిటన్ లెక్కన ‘15’ సర్టిఫికెట్ రావచ్చు, అంటే 15 ఏళ్ల నుంచి మొదలుపెట్టడం సబబే. అంకె లేకుండా ప్రేక్షకులను వర్ణించడం కవిత్వమవుతుంది.

కత్తెర:
సర్టిఫికెట్ గుమ్మం దగ్గర ఎవరిని ఆపాలో చెబుతుంది గాని, లోపలికి ఎవరు రావాలనుకుంటారో చెప్పదు. బ్రిటన్‌లో 1982లో వచ్చిన 15 వర్గం సినిమాహాలులో అంతకంటే చిన్నవారిని అనుమతించదు. అమెరికాలో 1984లో తెచ్చిన పీజీ-13, భారతదేశంలో 2024 నుంచి అమలైన యుఎ 7+, 13+, 16+ వర్గాలు తల్లిదండ్రులకు చేసే హెచ్చరికలు మాత్రమే. వీటిలో ఏదీ అభిరుచిని కొలిచేది కాదు. జనం తమ అవసరాలకు తగినట్టుగా మాధ్యమాలను ఎంచుకుంటారన్న ఆలోచనను మాధ్యమ పరిశోధకులు బ్లమ్లర్, కాట్జ్ 1974లోనే సంకలనంగా తెచ్చారు. మనమింకా పుట్టినతేదీ దగ్గరే ఆగిపోయాము.

గణాంకం:
సిద్ధాంతాలు మాకూ తెలుసు. అభిరుచి, వేదన అంటూ నా బృందం ఒకప్పుడు ఒక చిత్రం తీసింది. ప్రదర్శనకు మా ఇళ్లవాళ్లు తప్ప ఎవరూ రాలేదు. ఖాళీ కుర్చీలకు సినిమా చూపించినవాడికి అంకెల విలువ తెలుస్తుంది.

కత్తెర:
యువత పేరు చెప్పి నా చిత్రాన్ని పాడుచేయించిన గైడ్ కూడా సరిగ్గా ఇదే మాట అన్నారు. నెమ్మదిగా సాగే విచారణ సన్నివేశంలో జంప్ కట్లు (షాటు మధ్యలో కొంత కోసి ముందుకు దూకించడం) పెట్టించి, మౌనం ఉన్న ప్రతిచోటా డప్పుల మోత నింపించారు. చూసి నవ్వినవారు ఆ 16–24 గడిలోనివారే. మీకు కావలసింది ప్రేక్షకులు కాదు, మార్కులు.

గణాంకం:
మీకు కావలసింది ప్రేక్షకులు కాదు, మీ షాట్లను కోయవద్దనే అనుమతి.

వెనక బెంచీ:
ఇద్దరూ పాత పగలు తీర్చుకుంటున్నారు. అడిగినవారి సినిమా ఎటు పోయింది?

గణాంకం:
సరే, సూటిగా చెబుతాను. నా లెక్కలో ప్రేక్షకులంటే మనం చేరగలిగినవారు. విద్యార్థుల చిత్రానికి ప్రచార ఖర్చు ఉండదు, తెలిసిన నటులుండరు. లింకు ఎవరి ఫోన్ దాకా వెళ్తుందో వారినే లెక్కించాలి. 35 ఏళ్లు దాటిన అక్కలకు ఈ సినిమా నచ్చవచ్చు గాని, వారికి దాని సంగతి ఎవరు చెబుతారు?

కత్తెర:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నా లెక్కలో ప్రేక్షకులంటే సినిమా ఎవరితో మాట్లాడుతోందో వారు. వారి దగ్గరికి చేర్చడం పంపిణీ పని. దాని కోసం కథను ముందే వంచకూడదు. ఇక్కడ మనకు పొత్తు కుదరదు.

మూడో సీను:
మీ ఇద్దరి మాటలూ బృందానికి చదివి వినిపించాక ‘టార్గెట్ ఆడియన్స్’ అన్నచోట ఇలా తిరగరాశాము: ‘ఇంట్లో ఒకరిని కోల్పోయి, అధికారులు చెప్పిన కారణాన్ని నమ్మలేకపోయిన వ్యక్తి కథను నిదానంగా చూడగలిగేవారు, ముఖ్యంగా తమ్ముళ్లు, చెల్లెళ్ల బాధ్యత మోసిన 25–40 ఏళ్ల స్త్రీలు. వారికి చిత్రం గురించి మొదట చెప్పేది వారి ఇళ్లలోని విద్యార్థులు.’ ప్రశ్నావళి మానుకున్నాము. రఫ్ కట్‌ను (తొలి కూర్పును) రసీదు సన్నివేశం దగ్గర ఆపి, తరువాత ఏం తెలుసుకోవాలని ఉందో మా అక్కలనూ తోటి విద్యార్థులనూ విడివిడిగా అడుగుతాము. ‘ఎవరు చంపారు?’ అని ఎక్కువమంది అడిగితే సన్నివేశాల క్రమం మార్చాల్సి వస్తుంది.

గణాంకం:
25–40 మరీ విశాలం. 28–36 చేయండి.

కత్తెర:
ఆ అంకెను తీసేయండి, మిగతాదంతా ఉంచండి.