రాత్రికి దాల్మా: గుమ్మడి ముక్క చితక్కుండా ఎలా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు రోజూ దాల్మా (కూరగాయ ముక్కలు కలిపి వండే ఒడియా పప్పు) వండేవాళ్లు కాస్త చెప్పండి. ఐదుగురికి కప్పు కందిపప్పు, 3 కప్పుల నీళ్లు, పసుపు. పచ్చి బొప్పాయి, అరటికాయ, గుమ్మడి ముక్కలు కలిపి 2 కప్పులు. అన్నీ ఒకేసారి కుక్కర్లో పెట్టి 3 విజిల్స్ రానిస్తే గుమ్మడి పప్పులో కలిసిపోతోంది. విడిగా ఉడికించి కలిపితే ముక్కకి రుచి పట్టట్లేదు. అది దాల్మా కాదు, ముక్కలేసిన పప్పు!

బోరు నీళ్లకి పప్పు తొందరగా ఉడకదని అరగంట నానబెట్టడం, టమాటా చివర్లో వేయడం ఇప్పటికే చేస్తున్నవే. బొప్పాయి, అరటి పప్పుతోనే పెట్టి, గుమ్మడి మాత్రం మూత తీశాక వేస్తే సరిపోతుందా? ముక్క ఎంత సైజుండాలి?

ఇంకోటి, పంచ్‌ఫుటణ్ (ఐదు దినుసులు కలిపిన ఒడియా పోపుగింజలు) పోపులో ఆవాలు చిటపటలాడేలోపే మెంతులు మాడి చేదెక్కుతున్నాయి. మెంతులు ఆఖర్న విడిగా వేస్తారా? వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి, కొబ్బరికోరు దించాకేనా?