ఢిల్లీ బండిలో అమ్మానాన్నలతో, మధ్యలో దిగి చూసుకుంటూ పోవాలంటే?

అనంత_కుర్రోడు
అన్నలూ అక్కలూ, సంక్రాంతి అయిన మరుసటి వారం అమ్మానాన్నలను తీసుకుని అనంతపురం నుంచి ఢిల్లీ పోదామనుకుంటున్నా. నాన్నకు 71, అమ్మకు 66. ఒకేసారి పోతే ఒకటిన్నర రోజు బండిలోనే ఉండాలి, అందుకే భోపాల్‌లో దిగి సాంచి, ఆ తర్వాత ఆగ్రా చూసుకుని ఢిల్లీ చేరాలని ఆలోచన. మూడు సందేహాలు. టికెట్ ఒకటే తీసుకోవాలా, ముక్కలు ముక్కలుగానా? జనవరిలో బండ్లు ఎంత లేటవుతాయి? అమ్మకు మోకాళ్ల నొప్పులు, స్టేషన్లో మెట్లెక్కలేదు, చక్రాల కుర్చీ దొరుకుతుందా? తిండి గురించి అడగడం లేదు, అమ్మ అప్పుడే జొన్నలు మరకు పంపింది.

బురుజు_కింద
జనవరి అన్నావు చూడు, అక్కడే పడ్డావు తమ్ముడూ. మేము మూడేళ్ల కింద ఇదే తప్పు చేశాం. కర్నూల్లో ఎక్కాం, భోపాల్ దాకా బండి బంగారంలా పోయింది, ఝాన్సీ దాటినాక మొదలైంది పొగమంచు. పొలాల మధ్య గంట నిలబడుతుంది, పది నిమిషాలు నడుస్తుంది, మళ్లీ నిలబడుతుంది. గురువారం మధ్యాహ్నం ఆగ్రాలో దిగాల్సినోళ్లం శుక్రవారం తెల్లవారుజామున దిగాం. శుక్రవారం తాజ్ మహల్‌కు సెలవు! ఆ సంగతి ఆటో అతను చెబితేగానీ నాకు తెలియదు. సరే యమునకు అవతల మెహతాబ్ బాగ్ ఉంది కదా, అక్కడి నుంచైనా చూద్దామని పోతే పదకొండింటి దాకా తెల్ల దుప్పటి కప్పినట్టు మంచు తప్ప ఏమీ కనిపించలేదు. ఆగ్రా కోటకు పోయాం. కొడుకు జైల్లో పెట్టినా షాజహాన్‌కు ఇక్కడి నుంచి తాజ్ కనిపించిందంట, టికెట్ కొనుక్కొని వచ్చిన మనకు కనిపించలేదే అని మా అత్త అందరి ముందూ అనేసింది. ఇప్పటికీ ఇంట్లో ఏ ప్రయాణం మాట వచ్చినా “శుక్రవారమా?” అని అడుగుతారు. ఫిబ్రవరి చివరికి జరుపుకో, నా మాట విను.

గుంతకల్_రిటైర్డ్
ముప్పై రెండేళ్లు రైల్వేలో చేసి బయటికొచ్చినవాణ్ని, నియమం చెప్తా రాసుకో. 500 కిలోమీటర్లు దాటిన టికెట్‌కు బ్రేక్ జర్నీ ఉంటుంది, అంటే మధ్యలో దిగి అదే టికెట్‌తో మళ్లీ ఎక్కొచ్చు. 1000 లోపు అయితే ఒకసారి, దాటితే రెండుసార్లు. దిగిన రోజు, ఎక్కే రోజు లెక్కలోకి రావు, మధ్యలో రెండు రోజులు ఉండొచ్చు. అయితే మొదటి బ్రేక్ 500 కిలోమీటర్లు పోయాకే. అంటే అనంతపురంలో ఎక్కి మంత్రాలయం రోడ్‌లో దిగి స్వామి దర్శనం చేసుకుని మళ్లీ ఎక్కుతానంటే కుదరదు. నీకు భోపాల్, ఆగ్రా రెండూ కుదురుతాయి. రాజధాని, శతాబ్ది బండ్లకు ఇది లేదు. కౌంటర్‌లో టికెట్ తీసేటప్పుడే చెప్పాలి, దిగిన చోట టికెట్ మీద రాయించుకోవాలి. ఈ కాలం పిల్లలకు ఫోన్‌లో నొక్కడం తప్ప ఇవేవీ తెలియవు.

పెన్న_ఒడ్డు
పెద్దాయనా, రూలు ఉంది, కాదనడం లేదు. నేను ఒక ఊరి కౌంటర్‌కు పోయి బ్రేక్ జర్నీ అంటే ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి “అట్లాంటివి లేవు, వెనక లైను ఉంది, జరుగు” అన్నాడు. పుస్తకంలో ఉన్నది కిటికీ దగ్గర లేకపోతే ఏం చేయాలి?

గుంతకల్_రిటైర్డ్
లేదన్నాడని వచ్చేస్తారా? రాసివ్వమని అడగాలి. సూపర్‌వైజర్ దగ్గరికి పోవాలి. మీకు ఓపిక లేక రూలు లేదంటే ఎట్లా?

పెన్న_ఒడ్డు
ఓపిక ఉంది సార్, సెలవు లేదు. తమ్ముడూ, ముక్కలుగానే తీసుకో. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు రేటు తగ్గుతుంది కాబట్టి ముక్కలైతే కొంచెం ఎక్కువ పడుతుంది, అంతే. ఒకే రోజు బండి దిగి ఇంకో బండి ఎక్కేదుంటే మాత్రం రెండు పీఎన్ఆర్‌లూ లింక్ చేయించుకో, 2019 ఏప్రిల్ నుంచి ఆ వీలుంది. మొదటిది లేటయి రెండోది తప్పిపోతే ఆ డబ్బు తిరిగి అడగొచ్చు. ఇంకోటి, నువ్వు ఎక్కే స్టేషన్‌కే బండి మూడు గంటలు దాటి లేటుగా వస్తుంటే, ప్రయాణం మానుకుని, బండి కదలకముందే టీడీఆర్, అంటే డబ్బు వాపసు అడిగే దరఖాస్తు, వేస్తే మొత్తం డబ్బు వస్తుంది. కదిలాక వేసి తర్వాత ఏడవొద్దు. నేను ఏడ్చాను.

హిందూపురం_అక్క
ఇవన్నీ సరే. అమ్మానాన్నలకు లోయర్ బెర్త్ టికెట్ తీసుకున్నప్పుడే చూసుకో నాయనా. అప్పర్ వచ్చిందని బండెక్కినాక ఆడ మనిషి ఒంటరిగా కనిపిస్తే చాలు, “మేడం, మా అమ్మ…” అని మొదలుపెడతారు. నాకు నడుములో డిస్కు జరిగింది, బయటికి కనిపించదు. పోయినసారి ఇవ్వనన్నానని రాత్రంతా ఆ కుటుంబం నన్ను చూసి గుసగుసలు.

బుగ్గ_రామలింగం
అక్కా, ఏమీ అనుకోవద్దు, డెబ్బై ఏళ్ల మనిషిని పైకెక్కించి మనం కింద పడుకుంటే నిద్ర పడుతుందా? మా తాడిపత్రిలో బస్సులో కూడా పెద్దవాళ్లకు లేచి సీటిస్తాం.

హిందూపురం_అక్క
బస్సులో అరగంట, బండిలో రెండు రాత్రులు. రెండు నెలల ముందే నేను డబ్బు కట్టి తీసుకున్న బెర్త్ అది. మీ జాలి మీ బెర్త్‌తో చూపించండి, నా బెర్త్‌తో కాదు.

బుగ్గ_రామలింగం
డబ్బు కట్టినామని మనిషితనం పోతుందా? ఇట్లాంటోళ్ల వల్లే…

హిందూపురం_అక్క
ఇట్లాంటోళ్లు అంటే ఎట్లాంటోళ్లు? చెప్పండి. ఆ కుటుంబంలో ముప్పై ఏళ్ల కొడుకు కింది బెర్త్‌లో కాళ్లు చాపుకుని ఫోన్ చూస్తున్నాడు, తల్లి కోసం నన్ను లేవమంటున్నాడు. ఆ మాట ఎవరూ అడగరే?

బురుజు_కింద
అక్క చెప్పింది న్యాయం. బుగ్గన్నా, వదిలేయ్.

బుగ్గ_రామలింగం
కొడుకు సంగతి ముందే చెప్పి ఉంటే నేను ఆ మాట అననే అనను. సగం కథ చెప్పి తిడితే ఎట్లా.

గుంతకల్_రిటైర్డ్
కొట్లాట ఎందుకు, దారి ఉంది. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 దాటితే లోయర్ బెర్త్ కోటా ఉంది, కానీ టికెట్‌లో ఒక్కరో ఇద్దరో ఉంటేనే. ముగ్గురినీ ఒకే టికెట్‌లో వేస్తే కోటా పోయింది. అమ్మానాన్నలిద్దరికీ ఒక టికెట్ ఆ కోటాలో, నీకు వేరేగా తీసుకో. సీనియర్లకు రాయితీ మాత్రం 2020 మార్చి నుంచి లేదు, అది ఆశించవద్దు. రిజర్వేషన్ 60 రోజుల ముందు నుంచే. ఇదివరకు 120 ఉండేది, 2024 నవంబర్ నుంచి తగ్గించారు. ఇంకో మాట, పగటిపూట లోయర్ అందరూ కూర్చునేదే, పడుకునే హక్కు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకానే. అక్కకు కూడా చెప్తున్నా.

హిందూపురం_అక్క
తెలుసండీ. రాత్రి గురించే మాట్లాడుతున్నా.

కడప_మాస్టారు
ఎవరూ సాంచి మాట ఎత్తలేదు. భోపాల్‌లో దిగి పోయేవాళ్లు చాలామంది పెద్ద స్తూపం ముందు ఫోటో దిగి వచ్చేస్తారు. దక్షిణ తోరణం పైన చూడండి, శాతకర్ణి రాజు దగ్గర పనిచేసిన శిల్పుల పెద్ద ఆనందుడు ఇచ్చిన దానం అని శాసనం ఉంది. మన శాతవాహనుల పేరు అక్కడ రాతి మీద కనిపిస్తే ఒళ్లు జలదరిస్తుంది. భోపాల్ నుంచి యాభై కిలోమీటర్ల లోపే. ఇటుపక్క దాదాపు అంతే దూరంలో భీమ్‌బేట్కా గుహలు, ఆదిమానవుల బొమ్మలు. కానీ అక్కడ నడక ఉంది, మీ అమ్మగారికి కష్టం.

పెన్న_ఒడ్డు
మాస్టారూ, బొమ్మల గుహలు చూడడానికి భోపాల్ దాకా ఎందుకు? ఓర్వకల్లు దగ్గర కేతవరంలో లేవా? బెలుం గుహలు 3,229 మీటర్లు, ఎంతమంది లోపలికి పోయారు ఇక్కడ? నంద్యాల నుంచి ఎర్రగుంట్ల లైను 2016లో మొదలయ్యాక జమ్మలమడుగులో దిగితే గండికోట పక్కనే. బయటోళ్లు వీడియోలు తీసుకుని పోతున్నారు, మనోళ్లు ఢిల్లీ టికెట్లు తీస్తున్నారు.

బురుజు_కింద
ఆ లైనులో రోజుకు ఎన్ని బండ్లు చెప్పు ముందు. గండికోటకు నేను కారులోనే పోయాను, నువ్వు కూడా కారులోనే పోయుంటావు.

పెన్న_ఒడ్డు
బైకులో.

అనంత_కుర్రోడు
అందరికీ థ్యాంక్స్. కానీ చక్రాల కుర్చీ గురించి ఎవరూ చెప్పలేదు.

కడప_మాస్టారు
మా అమ్మను ఆగ్రాకు తీసుకుపోయినప్పుడు స్టేషన్ మేనేజర్ గది దగ్గర అడిగితే ఇచ్చారు, తోసేందుకు కూలీని మనమే మాట్లాడుకోవాలి. బండి దిగి వెతుక్కోవద్దు, గంట ముందే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి చూడు, దొరికితే దొరికినట్టు. పెద్ద స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి, ఏ ప్లాట్‌ఫాం చివర ఉందో కూలీలకే బాగా తెలుసు. తాజ్‌కు బ్యాగులు తీసుకుపోవద్దు, తిండి లోపలికి రానివ్వరు. సామాను స్టేషన్ క్లోక్‌రూంలో పెట్టండి, తాళం లేని బ్యాగు తీసుకోరు.

బుగ్గ_రామలింగం
తిండి అంటే గుర్తొచ్చింది. జొన్నరొట్టె మెత్తగా చేస్తే రెండో రోజుకు పనికిరాదు, పల్చగా కాల్చి ఎండబెట్టమని చెప్పు అమ్మకు. పైకి బుడ్డల పొడి.

అనంత_కుర్రోడు
బుడ్డలు ఏంది అన్నా, చెనిక్కాయలు అను. మా జిల్లాలో పండేదే అది.

బురుజు_కింద
కర్నూల్లో కూడా బుడ్డలే. పండించేది మీరైనా పేరు మేమే పెడతాం.

అనంత_కుర్రోడు
సరే అన్నా, పొడి మాది, పేరు మీది. టూర్ ఫిబ్రవరి చివరికి మార్చేశా. ఆగ్రాలో బుధవారం దిగేటట్టు చూస్తున్నా, ఒక రోజు లేటైనా గురువారం చేతిలో ఉంటుంది.

హిందూపురం_అక్క
ఫిబ్రవరి చివర్లో నేనూ అదే దారిలో మా చెల్లెలి దగ్గరికి పోతున్నా. బెర్త్ అడగనంటే మీ అమ్మగారి పొడి తింటా.

గుంతకల్_రిటైర్డ్
ఇద్దరూ ముందు 60 రోజులు వెనక్కి లెక్కపెట్టుకోండి. పొద్దున 8 గంటలకు కౌంటర్ తెరుస్తారు.