పిల్లలున్న ఆడ పావురానికి గొంతులో పసుపు పొర: ఏం చేయాలి?

పావురాలు పెంచిన అనుభవమున్నవారు దయచేసి సాయం చేయండి. నాకు ప్రాణమైన తెల్ల ఆడ పావురం మూడు రోజులుగా ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చుంటోంది. జొన్నగింజ ముక్కుతో పట్టుకుంటుంది, మింగలేక జారవిడుస్తుంది. రెట్ట ఆకుపచ్చగా, నీళ్లలా పడుతోంది. నిన్న రాత్రి టార్చి వేసి నోరు తెరిచి చూశాను. నాలుక వెనుక విరిగిన పాలముద్దలాంటి పసుపు పొర అంటుకుని ఉంది, చెడు వాసన కూడా. మెడ తిప్పేయడం, తూలడం లేవు.

క్యాంకర్ (సూక్ష్మ పరాన్నజీవి వల్ల పావురాల గొంతులో పొర కట్టే జబ్బు) అని నా అనుమానం. పావురాల మశూచి వచ్చినా నోట్లో పొర కడుతుంది కానీ, కళ్ల చుట్టూ, కాళ్ల మీద పొక్కులేమీ లేవు. గీకితే రక్తం కారుతుందని పొరను ముట్టుకోలేదు. పశువైద్యుడు సోమవారం గానీ రారు. ఈ జబ్బుకు వాడే మెట్రోనిడజోల్ మందు వేయవచ్చా? బరువు 320 గ్రాములు. ఎంత మోతాదు, ఎన్ని రోజులు?

అసలు బెంగ పిల్లల గురించి. గూట్లో ఆరు రోజుల పిల్లలు రెండున్నాయి. తల్లి గొంతు సంచిలో ఊరి, నోటినుంచి పట్టే పాలతో ఈ జబ్బు అంటుకుంటుంది కదా! అందుకే తల్లిని వేరే గూట్లో పెట్టాను. మగది హుషారుగానే మేపుతోంది, కానీ రాత్రిళ్లు పిల్లల మీద కూర్చునేది తల్లే. వెచ్చదనానికి బల్బు పెట్టాలా? పిల్లలకూ, మగదానికీ ఇప్పుడే మందు వేయాలా?