బరువులెత్తే అమ్మాయి మంచుబండి తోయవచ్చునా?

ఉక్కునగరం వాసి:
మా మేనకోడలు గాజువాకలో ఎనిమిదేళ్లుగా వెయిట్‌లిఫ్టింగ్ సాధన చేస్తోంది. ఇప్పుడు ఇరవై రెండేళ్లు. రాష్ట్రస్థాయి పతకాలు ఉన్నాయి గానీ జాతీయ పోటీల్లో మొదటి మూడు స్థానాల్లోకి ఇంతవరకు రాలేదు. ఈ మధ్య, లిఫ్టింగ్ మానకుండానే బాబ్‌స్లేలో కూడా ప్రయత్నిస్తానంటోంది. మంచుతో కట్టిన వంకర కాలువలో బండిని పరుగెత్తుతూ తోసి, అందులోకి ఎక్కి, గంటకు 130 కిలోమీటర్లు దాటే వేగంతో జారిపోయే ఆట అది. మంచు అంటే అరకు పొగమంచే తప్ప ఎరుగని పిల్ల రెండు పడవల మీద కాళ్లు పెడుతోందని ఇంట్లో అందరికీ బెంగగా ఉంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

భీమిలి తీరం:
బెంగ అక్కరలేదండీ. బాబ్‌స్లేలో బండిని తోసేది దాదాపు యాభై మీటర్లే, అయిదారు సెకన్ల పని. అక్కడ పోగొట్టుకున్న సమయాన్ని కిందికి వెళ్లేలోగా రాబట్టుకోవడం చాలా కష్టం. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో పురుషుల ఇద్దరి బండి పోటీలో, నాలుగుసార్లు జారిన తరువాత కెనడా, జర్మనీ జట్లు సెకనులో నూరో వంతు తేడా కూడా లేకుండా సమానంగా నిలిచి స్వర్ణం పంచుకున్నాయి. అంత సన్నని తేడాలున్న ఆటలో నేలను గట్టిగా తన్నగల కాళ్లకు, నడుముకు ఎంత విలువ ఉంటుందో ఊహించండి. ఆ బలం స్క్వాట్లతో (భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం), క్లీన్లతో (బరువును నేల నుంచి భుజాల దాకా లాగడం) వస్తుంది కాబట్టే బాబ్‌స్లే జట్లవారు కూడా రోజూ బార్ పట్టుకుంటారు.

పైగా బండి నడపడానికి ఏళ్ల అనుభవం కావాలి గానీ, వెనుక నుంచి తోసి, చివరగా ఎక్కి, గమ్యం దాటాక బ్రేకు లాగే స్థానానికి అంత కాలం పట్టదు. అమెరికా స్ప్రింటర్ లారిన్ విలియమ్స్ 2013లో ఈ ఆటలో అడుగుపెట్టి, 2014 సోచి శీతాకాల ఒలింపిక్స్‌లో రజతం అందుకున్నారు. అంతకుముందే ఆమెకు 2004లో వంద మీటర్ల రజతం, 2012లో రిలే స్వర్ణం ఉన్నాయి.

వాల్తేరు శిక్షకుడు:
భీమిలి తీరం గారు చెప్పిన ఉదాహరణే ఆయన వాదానికి అడ్డు వస్తోంది. లారిన్ విలియమ్స్ లిఫ్టర్ కారు, స్ప్రింటర్. బండి కదలని మొదటి నాలుగైదు అడుగుల్లో లిఫ్టర్‌దే పైచేయి, నేను ఒప్పుకుంటాను. ఆ తరువాత బండి తనంతట తానే వేగం అందుకుంటుంది, దానికంటే వేగంగా కాళ్లు ఆడకపోతే దాన్ని తోయడం మాని దానికి వేలాడుతున్నట్టే లెక్క. మన లిఫ్టర్లు స్నాచ్‌లో, అంటే బరువును ఒకే ఊపులో తలపైకి ఎత్తేటప్పుడు, బారును తొడలకు ఆనించుకుంటూ నిట్టనిలువుగా లాగుతారు, పాదాలు అటూ ఇటూ జానెడు మాత్రమే కదులుతాయి. ముప్పై మీటర్ల పరుగు వారి సాధనలో ఎక్కడుంది?

అసలు చిక్కు శరీర బరువు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, భుజాల దాకా లాగి తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కలిపి 240 కిలోలతో కాంస్యం సాధించారు. ఆమె పైనున్న ఇద్దరూ 242.5 కిలోల వద్ద సమానంగా నిలిస్తే, తక్కువ శరీర బరువున్న చైనా క్రీడాకారిణికి స్వర్ణం దక్కింది. ఆ నిబంధన ఇప్పుడు మారింది గానీ, విభాగానికి బరువు హద్దు మాత్రం ఇప్పటికీ ఉంది. పోటీ ముందు వారమంతా అన్నం తగ్గించి, గుక్కెడు నీళ్లకు కూడా లెక్క చూసుకునే పిల్లలను నేను చూస్తూనే ఉన్నాను. బాబ్‌స్లే సరిగ్గా దీనికి తలకిందులు. పురుషుల్లో ఇద్దరి బండి మనుషులతో కలిపి 390 కిలోల వరకు, నలుగురిది 630 వరకు ఉండవచ్చు. బరువున్న బండి వేగంగా జారుతుంది కనుక ప్రతి జట్టూ ఆ హద్దు దగ్గరకే చేరాలని చూస్తుంది. ఒకే ఏడాది బరువు దించి, మళ్లీ పెంచి, మళ్లీ దించితే మోకాళ్లు, నడుము ఎన్నాళ్లు ఓర్చుకుంటాయి?

ఉక్కునగరం వాసి:
బరువు సంగతి మాకు తట్టనే లేదు. ఆమె 69 కిలోల విభాగంలోనే దిగుతుంది, ఎప్పుడూ అంచునే ఉంటుంది.

ఎంవీపీ కాలనీ పాఠకురాలు:
నేను పదేళ్లు లిఫ్టర్‌ని. నా అరచేతుల్లో కాయలు ఇంకా పోలేదు. శిక్షకుడు గారి మాటలో నిజం ఉంది గానీ, దాన్ని బట్టి ఆ అమ్మాయిని ఆపడం నాకు న్యాయంగా తోచడం లేదు. రెండూ ఒకే ఏడాది చేయకూడదు, అంతే. ఈ ఏడాది, వచ్చే ఏడాది జాతీయ పతకం కోసం పూర్తిగా లిఫ్టింగే చేయనివ్వండి, ఎందుకంటే క్రీడాకోటా ఉద్యోగానికి దారి చూపేది ఆ పతకమే. తరువాత విభాగం బెంగ వదిలి, కడుపునిండా తిని, పరుగు నేర్చుకోవచ్చు.

మనకు ట్రాక్ లేదన్నది పెద్ద అడ్డంకే, కాదనను. అయినా మన దేశపు శివ కేశవన్ చక్రాల బండి మీద హిమాలయ రోడ్లపై ల్యూజ్ (చిన్న బండి మీద వెల్లకిలా పడుకుని మంచు కాలువలో జారే ఆట) సాధన చేసి, 1998 నుంచి 2018 దాకా ఆరు శీతాకాల ఒలింపిక్స్ ఆడారు. మంచు ఎరుగని నైజీరియా తరఫున ముగ్గురు అమ్మాయిలు చెక్కతో చేసిన బండి తోస్తూ మొదలుపెట్టి 2018 ఒలింపిక్స్‌కు చేరుకున్నారు. చివరి స్థానమే వచ్చింది, కానీ ఆఫ్రికా నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి బాబ్‌స్లే జట్టు వారిదే.

వాల్తేరు శిక్షకుడు:
ఒకదాని తరువాత ఒకటి అయితే నాకు అభ్యంతరం లేదు. ఉక్కునగరం వాసి గారూ, ఆదివారం ఉదయం ఆరింటికి అమ్మాయిని ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానానికి తీసుకురండి. ముప్పై మీటర్ల పరుగు మూడుసార్లు గడియారం పెట్టి చూస్తాను, తరువాత ఇనుప స్లెడ్ మీద ప్లేట్లు వేసి తోయిస్తాను. ఆరో అడుగు దాటాక ఆమె కాళ్లు ఏం చేస్తున్నాయో చూసి, ఉన్నదున్నట్టు చెబుతాను.